పాడుగోతిలోని గొంతులు

ముందు ఆ తొట్టె సంగతి చెప్పాలి. తలుచుకోవడం నాకిష్టం లేదు గానీ, చెప్పక తప్పదు.

కుంభనగరం నడిబొడ్డున ఘటమందిరం అని ఓ మేడ ఉంది. దూరం నుంచి చూస్తే కళ్లు చెదిరిపోతాయి. పగడపు స్తంభాలు, స్తంభానికో వెండి హంస, ఆ హంసల ముక్కుల నుంచి వేలాడే ముత్యాల సరాలు, మేడ మీద మబ్బులను తాకే బంగారు కలశాలు! గోడల నిండా గూళ్లు. గూటికో రాగి ఘటం. ఘటం మూతికి ఎర్రని లక్కముద్ర. లోకంలో ఏ పండితుడు ఏది కొత్తగా కనిపెట్టినా ఇక్కడికి వచ్చి ఘటంలోకి నోరుపెట్టి చెప్పాలి. ముసుగులు వేసుకున్న పరీక్షకులు తెరచాటున కూర్చుని వింటారు. వాళ్లకు జీతమా, బత్తెమా? ఏమీ లేదు, ఏడాదికి ఒకరిద్దరికి శాలువా కప్పుతారు, దానికే మురిసి చస్తారు. వాళ్లు ఊఁ అంటే ముద్ర పడుతుంది. చెప్పిన ముక్క అంతటితో చెప్పినవాడి నాలుక మీంచి లేచిపోయి ఘటంలో కూర్చుంటుంది. ఇక అది వినాలంటే మహారాజైనా, బైరాగైనా, ఆఖరికి దాన్ని చెప్పినవాడైనా ఘటం దగ్గరికి రావలసిందే, తొట్టెలో చెయ్యి పెట్టవలసిందే.

తొట్టె నిండా జలగలు. నల్లగా, జిగటగా, ఒకదాని మీద ఒకటి పొర్లుతూ ఉంటాయి. చెయ్యి పెట్టగానే మోచేతి దాకా పట్టేస్తాయి. అవి కడుపు నిండా తాగి ఊడిపడితే అప్పుడు ఘటం మూత కాసేపు తెరుచుకుంటుంది. ఊడిపడ్డ జలగలను నౌకర్లు ఏరి, ఇత్తడి బిందెలోకి పిండుతారు. ఆ బిందె ఎక్కడికి పోతుందో తెలుసా? ముద్రాధిపతి కుంభకేతుడి స్నానాల గదికి! వాడు మాంత్రికుడు. నూరేళ్లు దాటినా వాడి ఒళ్లు లేత తమలపాకులా నిగనిగలాడుతోందంటే ఆ బిందె చలవే. చదువుకోవడానికి వచ్చినవాళ్ల నెత్తురుతో జలకాలాడే వాణ్ణి జనం "జ్ఞానమూర్తి" అని పిలుస్తారు. థూ!

ఆ ఉదయం తొట్టెలో చెయ్యి పెట్టి పళ్లు బిగబట్టి నిలబడిన సన్నపాటి విద్యార్థి పేరు అనలశర్మ. నిజానికి శర్మా కాదు, గిర్మా కాదు. శ్వేతగిరి మహారాజు రణకంఠీరవుడి పెద్దకూతురు అనలప్రభ. జడను తలపాగాలో చుట్టి, నుదుట విభూతి పూసి, మగవేషంలో మూడు నెలలుగా ఇక్కడ చదువు వెలగబెడుతోంది.

ఎందుకంటే, ఆమె చెల్లెలు మౌక్తికకు నీలిగోళ్ల జ్వరం వచ్చింది. గోళ్లు నీలంగా మారి, మనిషి రోజురోజుకూ వత్తిలా కరిగిపోయే జబ్బు. దానికి నాగసిందూరం అనే మందు ఉందని, ఘటమందిరం ముద్ర పడిందని కబురు వచ్చింది. "ముందు ఆ ఘటంలో ఏముందో విందాం నాన్నగారూ" అంది అనలప్రభ. మహారాజు మీసం దువ్వి, "ముద్ర పడ్డాక వినేదేముంది తల్లీ? ముద్ర లేని మాట కుక్క మొరుగు, ముద్ర ఉన్న మాట వేదం" అన్నాడు. అంతే, ఆ రాత్రే పిల్ల కోట గోడ దూకేసింది.

ఇన్నాళ్లకు నాగసిందూరం ఘటం వినే వంతు వచ్చింది. జలగలు ఒక్కొక్కటే ఊడిపడ్డాయి. మూత కిర్రుమంది. లోపల నుంచి గంభీరమైన గొంతు పలికింది:

"నీలిగోళ్ల జ్వరానికి నాగసిందూరం దివ్యౌషధం. సేవించి రత్నాల వర్తకుడు లేచి కూర్చున్నాడు. గొల్లవాడు లేచి నడిచాడు. నర్తకి లేచి నాట్యమాడింది. ఇది ముద్రాధిపతి కుంభకేతులవారి ఆవిష్కారం."

మూత ఠప్పున మూసుకుంది. అయిపోయింది! చెయ్యంతా రంధ్రాలు పడితే దక్కింది ఈ నాలుగు ముక్కలు.

అనలప్రభ చెయ్యి తుడుచుకుంటూ పక్కనున్న గురువు వైపు తిరిగింది. గురువు పేరు పేరంభట్టు. బొజ్జ, బోడిగుండు, నడుముకు వక్కాకుల సంచి. మనిషి చెడ్డవాడు కాదు. శాలువా ఎప్పుడు కప్పుతారా అని ఎదురుచూసి ఎదురుచూసి వెన్నెముక మెత్తబడిన మనిషి.

"గురువుగారూ, లేచినవాళ్లు ముగ్గురు, బాగానే ఉంది. తాగినవాళ్లు ఎందరు?"

పేరంభట్టు నోట్లో ఆకు అలాగే ఆగిపోయింది. "ష్! ఏం ప్రశ్నరా అది? బతికినవాళ్ల గురించి చెప్పింది చాలదూ?"

"వంద మంది తాగితే ముగ్గురు లేచారా? ముగ్గురు తాగితే ముగ్గురూ లేచారా? మిగతా వాళ్ల సంగతి ఏ ఘటంలో ఉంది?"

"నాయనా, ఘటమందిరంలో గెలుపే ఉంటుంది. ఓడిపోయాను అని చెప్పుకునే వెర్రివెంగళప్ప ఎవడు? ఒకప్పుడు ఎవడో చెబితే ముఖాన పేడనీళ్లు కొట్టారు. అప్పటి నుంచి ఓడినవాళ్లంతా మట్టి ఘటంలో గుట్టుగా చెప్పేసి..." అని నాలుక కరుచుకున్నాడు.

"చెప్పేసి?"

"చెప్పేసి ఏముంది, ఆ ఘటాన్ని వెనకాల పాడుగోతిలోకి విసిరేసి ఇంటికి పోతారు. చెప్పిన ముక్క నాలుక మీద నుంచి లేచిపోతుంది కదా! ఇంక నోరు జారుతుందన్న భయం లేదు. హాయి."

"ఆ ఘటం పగిలితే?"

"రామ రామ! పగిలితే ఆ గొంతు దాని సొంతదారుణ్ణి వెతుక్కుంటూ పోయి, వాడి నోట్లో దూరి అందరి ముందూ కూసేస్తుంది. అందుకే ఘటం పగలగొట్టినవాడికి నాలుక కోస్తారు. పద పద, ఇలాంటి మాటలు ఎవరైనా విన్నారంటే నా శాలువా గంగలో కలుస్తుంది."

ఇంతలో బయట భేరీలు మోగాయి. అనలప్రభ గవాక్షం దగ్గరికి పరుగెత్తింది. రాజవీధి అంతా జనం. ఏనుగుల మీద శ్వేతగిరి పతాకాలు! నడుమ ముత్యాల పల్లకీ, అందులో దిండ్ల మధ్య వాడిపోయిన కాడలా మౌక్తిక. పక్కన గుర్రం మీద తండ్రి.

"ఓహో, శ్వేతగిరి రాజు వచ్చేశాడే!" అన్నాడు పేరంభట్టు సంబరంగా. "ఇవాళ ముద్రోత్సవం కదా. ముద్రాధిపతులవారు సభ మధ్య ఆ రాకుమార్తెకు స్వయంగా నాగసిందూరం పట్టిస్తారట. సూర్యుడు నడినెత్తికి రాగానే."

అనలప్రభ తలెత్తి చూసింది. సూర్యుడు అప్పటికే సగం ఎక్కేశాడు. తండ్రి కాళ్ల మీద పడి వద్దంటే వింటాడా? కుక్క మొరుగు అంటాడు. ఇక మిగిలింది ఒకటే దారి.

"గురువుగారూ, పాడుగొయ్యి ఎక్కడ?"

"నీకు పిచ్చి గానీ..."

ఆమె మొలలోని బాకు తీసి బొజ్జకు ఆనించింది. "మీ శాలువా దేవుడెరుగు. ముందు మీ బొజ్జ సంగతి చూసుకోండి."

పేరంభట్టు బొజ్జ లోపలికి పీల్చుకుని దారి చూపించాడు.

పాడుగొయ్యి మందిరానికి వెనక, ముళ్లకంచె లోపల ఉంది. దాని కంపు కంచెకు ఇవతలే మనిషిని పట్టి వంచేసింది. అబ్బబ్బ, ఆ కంపు! పిండి పారేసిన జలగల తోళ్లు, కుళ్లిన పూలమాలలు, ఏళ్లనాటి మురుగు, అన్నీ కలిసి పచ్చటి తొరకలా ఉడుకుతున్నాయి. ముందువైపు వెండి హంసలు, వెనకవైపు ఈ కుళ్లు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కదా!

అనలప్రభ తలపాగా విప్పి, పేరంభట్టు ఉత్తరీయానికి ముడివేసింది. తలపాగా విప్పగానే బారెడు జడ వీపు మీద పడింది.

పేరంభట్టు కళ్లు తేలేశాడు. "ఓరి నీ... నువ్వు ఆడపిల్లవా! మూడు నెలలు నాచేత తర్కం చెప్పించుకున్నావు! నేను నీచేత కాళ్లు పిసికించుకున్నానే, ఏ నరకానికి పోతానో!"

"అది తర్వాత తేల్చుకుందాం. గట్టిగా పట్టుకోండి. వదిలారో, చంపేస్తాను."

ముడి వేసిన గుడ్డ పట్టుకుని గోతిలోకి జారింది. మోకాళ్ల దాకా మురుగు. అడుగు వేస్తే మట్టి ఘటాలు కాళ్లకు తగిలి డొల్లుతున్నాయి. ఒకటా రెండా? గోడ వెంబడి గుట్టలు గుట్టలు. మూతులకు గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి. ఒక ఘటం చెవి దగ్గర పెట్టుకుంది. లోపల ఎవరో గుసగుసలాడుతున్నారు.

"నాగసిందూరం ఇచ్చాను... నల్లగా కక్కుకున్నారు... ఒక్కడూ మిగల్లేదు..."

ఇంకొకటి తీసింది. "పదిమందికి ఇచ్చాను, ఎనిమిదిమందిని పూడ్చాను..."

మరొకటి. "మా మామగారికే ఇచ్చాను... తెల్లారేసరికి..."

వేరే మందుల గోల, వేరే యంత్రాల గోల కూడా ఉంది గానీ, ఈ గుట్ట గుట్టంతా నాగసిందూరమే! వీడు ఇచ్చి చంపాడు, గుట్టుగా ఇక్కడ పారేశాడు. అది పక్కవాడికి తెలియదు, వాడూ ఇచ్చాడు, వాడూ చంపాడు, వాడూ పారేశాడు. ఒక్కడు, ఒకే ఒక్కడు నోరు విప్పి ఉంటే రెండోవాడు ఆ మందు ముట్టుకునేవాడు కాదు. ఇంతమంది చదువుకున్నవాళ్లు, ఇన్ని ప్రాణాలు, ఎవడి పరువు వాడికి ముద్దు! అనలప్రభకు మురుగు కంపు కంటే ఈ గుసగుసల కంపే ఎక్కువ డోకు తెప్పించింది. అక్కడే భళ్లున కక్కుకుంది.

ఆ చప్పుడుకి మురుగులో ఏదో కదిలింది.

పచ్చటి తొరక చీలింది. తాటిమానంత లావు జలగ! కళ్లు లేవు, ముక్కు లేదు. ముందు కొసన మూడు దవడలు, దవడ దవడకూ రంపపు పళ్లు. తరతరాలుగా పిండి పారేసిన వాటిని తిని బలిసిన గోతి కాపలా భూతం అది. సర్రున వచ్చి ఆమె కాలు చుట్టేసింది. బాకుతో పొడిస్తే గాటు పడ్డ చోటు పడ్డట్టే పూడుకుపోతోంది. తొడ దాకా పాకింది, నడుము దాకా పాకింది.

"గురువుగారూ! మీ సంచి!"

"ఏ సంచి?"

"వక్కాకుల సంచి! విసరండి!"

"అందులో నా వెండి సున్నపుకాయ ఉందమ్మా, మా తాతగారిది..."

"విసురుతారా, చస్తారా?"

సంచి వచ్చి ఆమె చేతుల్లో పడింది. మూడు దవడలూ మొహం మీదికి తెరుచుకున్న క్షణాన, సున్నపుకాయ మూత పీకి, సున్నమూ పొగాకూ కలిపి ఆ గొంతులోకి గుప్పించింది. జలగ ఎంత పెద్దదైతేనేం, జలగే కదా! గిలగిల కొట్టుకుంది. తాగిందంతా కక్కుకుంది. ఏళ్లనాటి నెత్తురు గడ్డలు గడ్డలుగా వచ్చి గోతి నిండా పడింది. ఆ కక్కులో తలదాకా తడిసిన అనలప్రభ అవతారాన్ని నేను వర్ణించను, నాకు ఈ పూట భోజనం చేసే ఉద్దేశం ఉంది. భూతం ముడుచుకుని, ఖాళీ తిత్తిలా తేలి, మునిగిపోయింది.

మందిరంలో శంఖాలు ఊదారు. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు.

ఘటాలు పైకి మోసే వ్యవధి లేదు. మోసినా ఎవడు వింటాడు? అనలప్రభ కింద దొరికిన రాయి ఎత్తి గుట్ట మీద పడింది. భళ్! భళ్! భళ్! పగిలిన ప్రతి ఘటంలోంచీ ఒక గొంతు తుమ్మెదలా ఝుమ్మని లేచింది. గోతి మీద ఒక్క చుట్టు చుట్టి, తన సొంతదారుడి కోసం దూసుకుపోయింది.

మొట్టమొదటి గొంతు ఎంతో దూరం పోలేదు. గట్టు మీద నిలబడ్డ పేరంభట్టు నోట్లోనే దూరింది!

"పన్నెండుమందికి ఇచ్చాను! పదకొండుమంది పోయారు!" అని అరిచాడు పేరంభట్టు. అరిచి, తన నోరే తనను కరిచినట్టు అదిరిపడి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. రెండు చేతులూ నోటికి పోతే తాడు ఎవడు పట్టుకుంటాడు? తలపాగా, ఉత్తరీయం గోతిలో ఆమె నెత్తి మీదే వచ్చిపడ్డాయి.

"మీరు కూడానా గురువుగారూ?" అంది అనలప్రభ కింద నుంచి.

పేరంభట్టు ఏడుస్తున్నాడు. "ఆ ముసుగు పరీక్షకుల్లో నేనూ ఒకణ్ణి తల్లీ. ముద్ర వెయ్యమని తల ఊపింది నేను కూడా. శాలువా కప్పుతామన్నారు..."

 అనలప్రభ ఉమ్మేసి, గోడ వెంబడి చూసింది. మందిరం నుంచి మురుగు వచ్చే తూము కనిపించింది. మనిషి పాకేటంత ఉంది. అందులో దూరింది. అన్ని గొంతులూ వెళ్లిపోయినా, ఒక్క గొంతు మాత్రం దిక్కు తోచక ఆమె చెవి చుట్టూ తిరుగుతూ వెంట వస్తోంది. దాని సొంతదారుడు ఎక్కడున్నాడో ఏమో! ఆలోచించే తీరిక లేదు. జారుతూ, పాకుతూ, నోట్లోకి వచ్చిన మురుగును ఉమ్ముతూ పైకి వెళ్లి, తల పెట్టి రాతిపలకను ఎత్తింది. సరిగ్గా జలగల తొట్టె పక్కన, నిండు సభ మధ్య తేలింది.

ఆ సభ ఉన్న తీరు చూడాలి!

రత్నపీఠం మీద కుంభకేతుడు, చేతిలో బంగారు ఉగ్గుగిన్నె. ఎదురుగా మెత్తల మీద మౌక్తిక. గిన్నెకూ ఆమె పెదవులకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. కానీ గిన్నె అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే సభలోని పండితులు ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడి కూస్తున్నారు.

"తొమ్మిదిమంది పోయారు!" అన్నాడు జరీ శాలువా కప్పుకున్న రసాచార్యుడు.

"మా మామగారు పోయాడు!" అన్నాడు వేదిక మీది మహావైద్యుడు.

తెర వెనక ముసుగుల్లోంచి కూడా అవే కూతలు. "నేనూ ఇచ్చాను! నేనూ పూడ్చాను! తెలిసే తలూపాను!" తేలు కుట్టిన దొంగల్లా ఇన్నేళ్లూ కిక్కురుమనకుండా ఉన్నవాళ్లు, ఇప్పుడు ఆగమన్నా ఆగడం లేదు. ఒకడు శాలువా ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు. శాలువాలోంచే వినిపిస్తోంది! ఒకడు పక్కవాడి నోరు మూస్తున్నాడు, పక్కవాడు వీడి నోరు మూస్తున్నాడు. ఇదేం విద్వత్సభండీ? తిలాపాపం తలా పిడికెడు పంచుకున్న సంతర్పణ!

అనలప్రభ తూములోంచి లేచింది. నెత్తురు, మురుగు, జలగ తోళ్లు ఒంటి నిండా కారుతున్నాయి. సైనికులు కత్తులు దూశారు.

"నాన్నగారూ! చెల్లికి ఆ మందు పట్టించకండి!"

గొంతు విని మహారాజు ఉలిక్కిపడ్డాడు. "ప్రభా! నువ్వా? ఇదేం అవతారం తల్లీ?"

"అవతారం సంగతి తర్వాత. విన్నారుగా, ఇంతమంది చెబుతున్నారు. ఆ మందు విషం."

రణకంఠీరవుడు పండితులను చూశాడు, కుంభకేతుణ్ణి చూశాడు. గోడల మీది లక్కముద్రలనూ చూశాడు. అయ్యో, అలవాటు అంటే ఏం చెప్పమంటారు! ఇంత విన్నాక కూడా ఆ మహారాజు గడ్డం గోక్కుంటూ, "వింటున్నాను గానీ తల్లీ... ఈ మాటలకు ముద్ర లేదే!" అన్నాడు.

జనంలోనూ అదే గుసగుస. అవును, ముద్ర లేదు. ముద్ర ఉన్నది మందుకే కదా!

కుంభకేతుడు చిరునవ్వు నవ్వాడు. "మహారాజా, ఇది ఏదో క్షుద్రవిద్య. ముద్ర మీద నమ్మకం పోతే లోకం ఏమైపోతుంది?" అని గిన్నె మళ్లీ ముందుకు చాచాడు.

అనలప్రభ ఒక్క దూకుతో వేదిక ఎక్కి ఆ గిన్నె లాక్కుంది. మురుగు చేత్తోనే దాన్ని వాడి నోటి ముందు పెట్టింది.

"ముద్ర ఉందిగా స్వామీ. తాగండి."

"నాకు జ్వరం లేదు."

"లేకపోతేనేం? దివ్యౌషధం కదా, ఒళ్లు ఇంకా నిగనిగలాడుతుంది. ఒక్క గుటక."

కుంభకేతుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"మీ ఘటం, మీ ముద్ర, మీ పేరు, మీ మందు. తాగండి!"

వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతే. ఆ అడుగు సభ అంతా చూసింది. మహారాజు చూశాడు. పరుగున వచ్చి చిన్నకూతురిని రెండు చేతుల్లో ఎత్తుకుని, "నా చేత్తో నేనే పట్టించి ఉండేవాణ్ణి తల్లీ, నా చేత్తో నేనే!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇక ముసుగు తీసేయక తప్పదని కుంభకేతుడికి అర్థమైంది. కిరీటం తీసి నేలకేసి కొట్టాడు. వాడి తమలపాకు చర్మం పొక్కులు పొక్కులుగా ఉబ్బింది, చిట్లింది. లోపల నుంచి నల్లని, జిగటైన, మెలికలు తిరిగే ఒళ్లు బయటపడింది. చేతులు ఒంట్లోకి ముడుచుకున్నాయి, ముఖం మధ్యకు చీలి మూడు దవడలైంది. ఆహా, ఇన్నాళ్లూ జనం పాదాలు కడిగి నెత్తిన చల్లుకున్నది ఈ పురుగునా! ఛీ! వాడు వేదిక మీంచి జారి తొట్టెను తోకతో ఒక్క కొట్టు కొట్టాడు. తొట్టె బద్దలైంది. లక్షల జలగలు నల్లటి వరదలా సభ మీదికి పొంగాయి. హాహాకారాలు! బయట ఏనుగులు గొలుసులు తెంచుకున్నాయి, లోపల పండితులు ఒకరినొకరు తొక్కుకుంటూ పరుగెత్తారు, శాలువాలు జలగల కింద పడి నలిగాయి.

ఆ గందరగోళంలో, ఇందాక తూము నుంచి వెంట వచ్చిన దిక్కులేని గొంతు అనలప్రభ ముఖం చుట్టూ తిరిగి తిరిగి, చటుక్కున ఆమె నోట్లోనే దూరింది. దాన్ని చెప్పిన మనిషి ఏనాడో చనిపోయింది కాబోలు. వెళ్లడానికి ఇల్లు లేక ఈమె గొంతును ఆశ్రయించింది. అనలప్రభ నోటి నుంచి ఒక ముసలమ్మ స్వరం వచ్చింది. తొందర లేదు, గొప్ప లేదు. ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టుంది.

"నేను నాగసిందూరం ఐదుగురికి ఇచ్చాను. ముగ్గురు నా కళ్ల ముందే పోయారు, తప్పు నాదే. మిగిలిన ఇద్దరికీ విషం విరుగుతుందేమోనని ఉప్పులోయలోని వెండిజమ్మి వేరు అరగదీసి పట్టాను. గోళ్లు ఎర్రబడ్డాయి. అది వేరు గుణమో, వాళ్ల ఆయుష్షు గట్టిదో నాకు తెలియలేదు. ఇద్దరిని చూసి ఏం చెప్పగలం? నాకు ఓపిక లేదు, వేరూ అయిపోయింది. ఎవరైనా మళ్లీ చేసి చూడండి నాయనా. నేను పొరబడి ఉంటే ఆ మాట కూడా పదిమందికీ చెప్పండి."

స్వరం ఆగిపోయింది. అనలప్రభ గొంతు తడుముకుంది. ఆ ముసలమ్మ ఎవరో, ఏ ఊరో! నిజం చెప్పినందుకు ఆమె మాటను కూడా అదే మురుగులో పారేశారు కదా అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

మహారాజు కూతురి భుజం పట్టుకున్నాడు. జలగల వరద మెట్లెక్కుతోంది. కుంభకేతుడు దవడలు చప్పరిస్తూ మనుషుల మీదుగా పాకి వస్తున్నాడు.

"ప్రభా, నా గుర్రం తీసుకో. చెల్లిని తీసుకుని ఉప్పులోయకు వెళ్లు. నేను వీణ్ణి ద్వారం దగ్గర నిలవరిస్తాను. కానీ తల్లీ... ఆ వేరు పనిచేస్తుందంటావా? ఖాయమేనా?"

ఖాయం అంటే ఆయన గుండె నిమ్మళిస్తుంది. ఆ మాట కోసమే ఆయన కళ్లు వెతుకుతున్నాయి. అనలప్రభ ఆ కళ్లలోకి చూసింది.

"తెలియదు నాన్నగారూ."

మహారాజు చిన్నకూతురిని పెద్దకూతురి చేతుల్లో పెట్టి, కత్తి దూసి ద్వారం వైపు తిరిగాడు.

మందిరం ముంగిట పట్టపుగుర్రం వెనకకాళ్ల మీద లేచి సకిలించింది. అనలప్రభ జీనెక్కి, చెల్లెలిని ముందు కూర్చోబెట్టుకుని, తండ్రి ఉత్తరీయంతో నడుముకు కట్టుకుంది. వెనక కత్తి మోత, ముందు మూతబడుతున్న నగరపు కోట తలుపులు. మౌక్తిక నీలిగోళ్ల చేతులతో అక్క మెడ చుట్టేసి, ముక్కు మూసుకుంది.

"అబ్బా, ఎంత కంపు కొడుతున్నావే అక్కా."

"పడిపోకుండా పట్టుకో."

"అక్కా, నేను బతుకుతానా?"

అనలప్రభ కళ్లెం చేతికి చుట్టుకుంది. గుర్రం తలుపుల సందు వైపు దూకింది.

"తెలియదే. వెళ్లి చూద్దాం."

మౌక్తిక అక్క భుజం మీద తల పెట్టుకుంది. "ఇంతమంది వైద్యులొచ్చారు. అందరూ బతుకుతావు, బతుకుతావు అనే అన్నారు. వాళ్లు చెప్పిన కొద్దీ నాకు భయం వేసేది" అంది. "ఇప్పుడు లేదు. పోనీ గుర్రాన్ని."